భోంగా అంటే ఏమిటని అడగలేదు

నా ఉద్యోగంలో నేను బ్లేడుతో కోసి పారేసిన టేపు ముక్కలన్నీ అతికిస్తే నిజామాబాద్ నుంచి బోధన్ దాకా పరవవచ్చునేమో. వాటిలో నాకు గుర్తున్నది ఒక్కటే ముక్క. పొడవు నాలుగడుగుల పైచిలుకు. వింటే ఏడు సెకన్లు. రేడియోలో కొత్తగా చేరిన పిల్లలు ఎప్పుడైనా మా ఇంటికి వచ్చి "మేడం, మీ అనుభవాలు చెప్పండి" అంటే, సన్మానాల సంగతీ పెద్ద విద్వాంసుల అలకల సంగతీ చెప్పి చాయ్ ఇచ్చి పంపిస్తుంటాను. ఇది చెప్పడానికి మొహం చెల్లలేదు. రాయడంలో ఒక సుఖముంది, ఎదుటివాళ్ల మొహం చూడనక్కర్లేదు. అందుకని రాస్తున్నాను.

మాది ఏర్గట్ల దిక్కు. పసుపు పండించే ఇంట్లో పుట్టి వయొలిన్ పట్టుకున్నదాన్ని. కొమ్ములు ఉడకబెట్టే రోజుల్లో అందరి చేతులూ పచ్చగా ఉంటే నా చేతికి మాత్రం వయొలిన్ కమానుకు రుద్దే రాజన్ పొడి అంటుకుని ఉండేదని మా అన్నలు ఇప్పటికీ ఎత్తిపొడుస్తారు. సంగీతం పరీక్షలు ప్యాసై, నిజామాబాద్‌లో రేడియో స్టేషన్‌లో సంగీత విభాగంలో చేరాను. రికార్డయిన పాట శ్రుతిలో ఉందా, టేపు పరుగు సరిగ్గా ఉందా, ఎక్కడైనా గరగర ఉందా అని విని, బాగులేని చోట కోసి అతికించడం నా పని. ఎంత చిన్న తేడా ఉన్నా పట్టేసేదాన్ని. అందుకని ఆఫీసులో నాకు 'మీటర్ మేడం' అని పేరు. వెక్కిరింపుగా పెట్టిన పేరే అయినా నాకు లోపల గర్వంగానే ఉండేది. ఆ గర్వం గురించే ఈ కథంతా.

పాతికేళ్ల కిందటి మాట. జిల్లా పాత సంగీతం మీద ఒక కార్యక్రమం చేయాలని మా పెద్దసారు పట్టుబట్టాడు. హైదరాబాద్ నుంచి ఒక చెక్కపెట్టె తెప్పించాడు. నిజాం జమానాలో రేడియోలో రికార్డు చేసిన పళ్లేలు అందులో ఉన్నాయి. అల్యూమినియం రేకు మీద నల్లటి లక్కపూత, దాని మీద గీతలు. వాటితో పాటు, వాటి మీది ఉర్దూ కాగితాలు చూసి అక్కడెవరో తెలుగులో రాసిన ఒక జాబితా కూడా వచ్చింది. అందులో 'మహిళా కార్యక్రమాలు' అన్న శీర్షిక కింద 'బోధన్, బ్లౌజ్, నాలుగు నిమిషాలు' అని ఉంది. కుట్టుపని పాఠమేమో అనుకుని పక్కన పెట్టేశాం. బోధన్ ఆడవాళ్లకు నిజాం కాలంలోనే రేడియోలో జాకెట్లు కుట్టడం నేర్పారని పెద్దసారు రెండు రోజులు మురిసిపోయాడు కూడా.

మా లైబ్రరీలో ఒక పెద్దాయన ఉండేవాడు. అందరం ఆయన్ని చాచా అనేవాళ్లం. స్టేషన్‌లో ఉర్దూ చదవడం వచ్చింది ఆయన ఒక్కడికే. పళ్లెం మీద అంటించిన కాగితం చూసి చాచా పొట్ట పట్టుకుని నవ్వాడు.

"బ్లౌజ్ కాదు బేటా, బ్లూస్. మా లిపిల రెండూ ఒక్క తీర్గనే కనిపిస్తయ్. బోధన్ క్లబ్ బ్యాండు, గిటార్, బ్లూస్. గంతే రాసుంది. పేరు లేదు, తారీఖు చినిగిపోయింది."

ఆ రోజుల్లో బోధన్ చక్కెర మిల్లులో దొరలకు ఒక క్లబ్బు ఉండేదట. యుద్ధం కాలంలో ఆ క్లబ్బు రేడియోలో అమెరికా డాన్సు బ్యాండ్లు వచ్చేవట. అవి విని మిల్లు మనుషులే కొందరు ఒక బ్యాండు కట్టారు. దాన్ని ఒకే ఒక్కసారి హైదరాబాద్ రేడియోకు పిలిచారు. ఇదంతా మాకు ఆ తర్వాత ఒకామె చెబితే తెలిసింది. 'బోధన్ క్లబ్ బ్యాండు గురించి తెలిసినవాళ్లు మాకు ఉత్తరం రాయండి' అని ప్రకటన చేశాం. ఆమె ఉత్తరం రాయలేదు. బస్సెక్కి వచ్చేసింది.

నలభై అయిదేళ్లుంటాయి. గోళ్ల మూలల్లో తంబాకు రంగు దిగి ఉంది. బీడీలు చుట్టే చేతులని చూడగానే తెలిసింది. కుర్చీలో కూర్చోమన్నా అంచు మీదే కూర్చుంది.

"మా బాపు గా బ్యాండుల గిటారు కొడుతుండె అమ్మా," అంది. "చెరుకు బండ్ల కాటాకాడ గుమాస్తా. గోవా మాస్టరొకాయన ఉండె, ఆయన నేర్పిండు. గిటారు ఒక్కటే. ఓపాలి మాస్టరు కొడితె ఓపాలి మా బాపు కొడుతుండె."

"మరి రేడియోల కొట్టింది ఎవరో తెలుసా?" అని అడిగాను.

ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంటూ చెప్పింది. "గదే తెల్వాలె నాకు. మా అవ్వకు తొలుసూరు కాన్పు. నొప్పులు మొదలైన దినం బాపు ఇంట్ల లేడు. పట్నం పోయిండు, రేడియోల గిటారు కొట్టనీకి. మూడో దినం వచ్చిండు. అప్పటికే పిల్లగాడు పుట్టి పోయిండు, మట్టి గూడ చేసిండ్రు. మా మేనమామలు అన్నరట, రేడియో లేదు గీడియో లేదు, యాడనో తాగి పడ్డడని. మా అవ్వ గదే మాట పట్టుకున్నది. నలభై ఏండ్లు ఆయన్కు అన్నం పెట్టింది, మమ్మల్ని కన్నది, గని కొట్లాట వచ్చినప్పుడల్ల గదే మాట. నీ రేడియో యాడున్నదో చూపెట్టు అంటుండె. ఆయన ఏం చూపెడ్తడు? పోయేదాంక అబద్ధాలోడు అనిపిచ్చుకునే పోయిండు."

"మీ అవ్వ ఇప్పుడు..."

"మంచంల ఉన్నది. కండ్లు పోయినయ్, చెవులు మంచిగున్నయ్. ఆమె ఉన్నప్పుడే ఒక్కసారి ఇనిపిస్తె సాలమ్మా. బాపు అబద్ధమాడలే అని ఆమెకు తెల్వాలె."

వారం తర్వాత రమ్మన్నాను. పళ్లెం పాతది, ముందు టేపు మీదికి ఎక్కించుకుని బాగు చేసి వినిపిస్తానని చెప్పాను. బాగు చేస్తాను అన్న మాట నాదే.

లక్కపూత పళ్లేలు ఎక్కువసార్లు తిప్పితే పెచ్చులూడతాయి. ఒక్కసారి తిప్పి, అది తిరుగుతుండగానే టేపు మీదికి ఎక్కించుకోవాలి. చాచా పళ్లెం దగ్గర నిలబడ్డాడు, నేను టేపు దగ్గర. సూది లోపలి అంచుకు చేరేసరికి అక్కడి పూత సన్నటి పొట్టులా లేచి సూదికి చుట్టుకుంది. పోతే పోయింది, టేపు మీదికి వచ్చింది కదా అనుకున్నాను.

ఇక ఆ పాట సంగతి. నేను త్యాగరాజస్వామి కీర్తనలతో పెరిగినదాన్ని, నాకు ఈ బ్లూస్ కొత్త. కానీ రెండు రోజులు వింటే దాని కట్టుబాటు తెలిసింది. పన్నెండు కొలతలు ఒక ఆవర్తం. మొదట ఒక మాట అంటారు, అదే మాట మళ్లీ అంటారు, మూడోసారి దానికి జవాబు చెబుతారు. అంతే. ఆ చట్రంలో గిటారు మనిషి మూడు ఆవర్తాలు సొంతంగా వాయించాడు. ముందే రాసుకున్నది కాదు, అప్పటికప్పుడు అల్లినది, మన మనోధర్మం లాంటిదే. స్వరాలు రాసుకుంటూ కూర్చున్నాను. మొదటి ఆవర్తంలో నాలుగే స్వరాలు. వాటి మధ్య బోలెడంత ఖాళీ. తొందర లేని మనిషి. రెండో దాంట్లో తాళానికి వెనక వెనక నడిచాడు, అందరూ అడుగు వేశాక తను వేసినట్టు. వినడానికి హాయిగా ఉంది. రెండు ఆవర్తాల చివరా ఒక స్వరం మాత్రం శ్రుతి తప్పింది. తాకీ తాకకుండా తాకాడు కాబట్టి కొత్త చేయి, జారింది అనుకుని కాగితం మీద 'చిన్న అపశ్రుతి' అని రాశాను.

మూడో ఆవర్తం చివర అసలు గొడవ. బ్యాండు మొత్తం ఆగిపోయింది. పియానో లేదు, డ్రమ్ము లేదు. గిటారు ఒక్కటే కింద నుంచి మెల్లగా, తీగ మీద జారుతూ పైకి లేచింది. సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ నడుమ ఎక్కడో ఆగింది. మన గమకంలో స్వరాలు ఆ దారిన పోతాయి, కానీ అక్కడ కాపురం పెట్టవు. ఇది కాపురం పెట్టింది. కదలకుండా నిలబడి, చివరికి ఊపిరి పోయినట్టు కిందికి జారిపోయింది. అంతా కలిపి ఏడు సెకన్లు. ఆ వెంటనే చిటపటమని, మూకుట్లో ఆవాలు వేసినట్టు చప్పుడు. తర్వాత బ్యాండు అందుకుని పాట ముగించింది.

నా చెవికి అది పళ్లెం వేగం తగ్గిన చప్పుడు. మోటారు నీరసిస్తే శ్రుతి ఇలాగే జారుతుంది. పక్కన వేరే వాయిద్యం ఉంటే పోల్చి చూసుకోవచ్చు, తప్పు యంత్రానిదా మనిషిదా తేలిపోతుంది. అక్కడ మరే వాయిద్యమూ లేదు. అయినా నాకు అనుమానం రాలేదు.

"పళ్లెం మంచిగనే తిరిగింది బేటా," అన్నాడు చాచా. "నేను దాని మీది కాగితం తిరిగే దిక్కే సూస్తున్న. ఎక్కడ నెమ్మది కాలే."

"చాచా, మీరు కళ్లతో చూసిండ్రు, నేను చెవులతో విన్న," అన్నాను. ఆ జవాబు బాగా చెప్పానని ఆ రోజంతా అనుకున్నాను కూడా.

"పోనీ, ఇంకో టేపు మీద నకలు తీసి దాన్ని కోయి."

ఖాళీ స్పూళ్లకు అప్పుడు కటకట. నకలెందుకని అసలు దాన్నే కోశాను. బ్లేడుతో రెండు గాట్లు, నడుమ ముక్క తీసి నేల మీద పడేసి, రెండు కొసలూ అతికించాను. అతుకు ఎంత బాగా కుదిరిందంటే విన్నవాళ్లెవరూ కనిపెట్టలేరు. తర్వాత ప్రసారానికి కార్యక్రమమంతా వేరే టేపు మీదికి ఎక్కించేటప్పుడు ఆ చిటపట వచ్చే చోట శబ్దం తగ్గించేశాను. స్వరాలు రాసిన కాగితం మీద కోసిన చోట ఖాళీ గీత గీసి, కింద 'యంత్ర దోషం' అని రాసి సంతకం పెట్టాను.

వారానికి ఆమె వచ్చింది. ఈసారి తలకు నూనె పెట్టుకుని, మంచి చీర కట్టుకుని వచ్చింది. ప్రసారం టేపు పెట్టి హెడ్‌ఫోన్లు ఆమె చెవులకు నేనే తొడిగాను. మొదట ఆమె మొహం విచ్చుకుంది. రెండో ఆవర్తానికి కళ్లు మూసుకుని తల ఊపింది. పాట చివరికి వచ్చేసరికి కళ్లు తెరిచి నా వైపు చూసింది. టేపు ఆగింది.

"అయిపోయిందా అమ్మా?"

"అయిపోయింది."

"మరి భోంగా యాడ?"

మా ఇంట్లో, మా ఊళ్లో, నిజామాబాద్ బజారులో కూడా భోంగా అంటే లౌడ్‌స్పీకర్. రిక్షా మీద కట్టుకుని సినిమా ప్రచారం చేస్తారే, అది. గిటారు పాటలో లౌడ్‌స్పీకర్ ఏమిటి, పాపం ఈమెది అమాయకత్వం అనుకున్నాను.

"భోంగా ఏం లేదు ఇందుల," అన్నాను.

"మా బాపు కొడితె భోంగా ఉంటది అమ్మా. ఆఖర్ల తప్పకుంట ఉంటది. ఆయివారం నాడు గిటారు తీస్తె మేం గదే కొట్టుమంటుంటిమి."

బయట పెద్దసారు పిలుస్తున్నాడు. నా చేతిలో స్వరాల కాగితం ఉంది. అది ఆమె ముందు పెట్టి, వేలు పెట్టి చూపిస్తూ అన్నాను, "ఇగో అక్కా, మొదటి నుంచి చివరి దాకా ఒక్కొక్క స్వరం నేనే రాసిన. ఇందుల భోంగా గీంగా ఏమీ లేదు."

ఆమెకు చదువు రాదు. అయినా ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. ఖాళీ గీత ఉన్న చోట కూడా చూసే ఉంటుంది.

"మీరు సదువుకున్నోళ్లు," అంది లేస్తూ. "గట్లయితె ఆ దినం కొట్టింది మాస్టరే. మా బాపు కాదు."

కావచ్చు అన్నాను. ఓదార్పుగానే అన్నాను. మెట్లు దిగేటప్పుడు ఆమె రెండుసార్లు ఆగింది, కాలు నొప్పేమో అనుకున్నాను.

కార్యక్రమం ప్రసారమైంది. మంచి పేరు వచ్చింది. అంత పాత పళ్లెం నుంచి అంత శుభ్రంగా ఎలా తీశారని హైదరాబాద్ నుంచి ఫోను చేసి మరీ మెచ్చుకున్నారు. చాచా మాత్రం ఆ రోజు నాతో మాట్లాడలేదు.

మూడు నెలలు గడిచాయి. చెరుకు కొట్టే కాలం వచ్చింది. రైతులతో మాట్లాడించి రికార్డు చేయడానికి బోధన్ వెళ్లాను. దారి పొడవునా చెరుకు బండ్లు. పొద్దున్నుంచి తిరిగి, మిల్లు గేటు ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో కూర్చున్నాను. అక్కడి కూలీల్లో సగం మంది మరాఠీ మాట్లాడుతున్నారు, సరిహద్దు అవతలి నుంచి వచ్చినవాళ్లు. మధ్యాహ్నం సరిగ్గా రెండు గంటలు.

మిల్లులోంచి కూత లేచింది. కింద నుంచి మెల్లగా, జారుతూ పైకి వచ్చింది. పైకి వచ్చి రెండు గాంధారాల నడుమ ఆగింది. కదలకుండా నిలబడి, ఊపిరి పోయినట్టు కిందికి జారిపోయింది.

గాజు గ్లాసు నా చేతిలోనే ఉంది. హోటలాయన బల్ల మీద ఉన్న కూలీలను చేత్తో అదిలిస్తున్నాడు.

"లేవుండ్రి లేవుండ్రి, రెండింటి భోంగా అయింది."

"ఏమైంది?" అన్నాను.

"భోంగా అమ్మా. మిల్లు భోంగా. డూటీ మారేటందుకు కూస్తది. దినాం మూడుపాలి." కొత్త మనిషినని జాలిపడి వివరంగా చెప్పాడు.

ఇప్పుడు ఆ మిల్లు నడవడం లేదు. బోధన్‌లో పిల్లలకు ఆ కూత ఎలా ఉంటుందో కూడా తెలియదు. కానీ ఆ రోజు అది ఊరంతా వినిపించింది. మూడు ఆవర్తాలు, మూడు భోంగాలు. మొదటి రెండూ తాకీ తాకకుండా, మూడోది నిండుగా. చెయ్యి జారడం కాదు, ముందే చెప్పుకుంటూ వచ్చాడు ఆ మనిషి. చివర ఏం చేయబోతున్నాడో రెండు ఆవర్తాల ముందే తెలిసినవాడు వాయించిన పాట అది. దాని ప్రాణం తీసి నేల మీద పడేసి, పైన సంతకం పెట్టాను.

ఆమె ఇల్లు అడుగుతూ వెళ్లాను. అరుగు మీద చేట ఒళ్లో పెట్టుకుని ఆకు కత్తిరిస్తోంది. నన్ను చూసి లేచి నిలబడింది. లోపల మంచం లేదు. మంచం వేసి ఉండే చోట నేల ఒక్కటే వేరే రంగులో ఉంది.

"అవ్వ పోయింది అమ్మా. రెండు నెలలైంది," అంది.

నేనేమీ అడగలేదు. తనే చెప్పింది.

"మీ దగ్గరికెంచి వచ్చినంక ఉన్న మాట చెప్పిన. రేడియోల ఉన్నది బాపు కాదంట అవ్వా అన్న. నేను అబద్ధం చెప్పలేకపోయిన. అవ్వ గోడ దిక్కు తిరిగి పండింది. పొద్దూకినంక అన్నది, కొట్లాడేటందుకు కొట్లాడిన గని బిడ్డా, ఆయన రేడియోకే పోయిండని అనుకున్న. గట్ల అనుకునే పిల్లగాన్ని మర్శిన. గంతే అన్నది. అప్పటికెంచి బువ్వ సరిగ తినలే."

చెప్పవలసింది అప్పుడే. చెప్పడానికే వెళ్లాను. కానీ 'మళ్లీ వస్తాను' అని గొణిగి, బస్టాండు దాకా దాదాపు పరుగెత్తాను. ముప్పై ఏళ్ల సర్వీసులో నేను చేసిన తప్పులన్నిటికీ ఏదో ఒక సాకు చెప్పుకోగలను. ఆ పరుగుకు చెప్పుకోలేను.

మర్నాడు లైబ్రరీలో వెతకడం మొదలుపెట్టాను. కోసిన టేపు ముక్కలతో ఫైళ్లు కట్టడం చాచాకు అలవాటు. సుతిలి కంటే గట్టిగా ఉంటుందనేవాడు. ఎందుకని అడగకుండా ఒక్కొక్క కట్టా తనే విప్పి ఇచ్చాడు. ప్రతి ముక్కా మిషన్‌కు పెట్టి విన్నాను. మార్కెట్ ధరలు, ఒక మంత్రిగారి దగ్గు, సగం హరికథ, వర్ష సూచన. నాలుగు రోజులు విన్నాం. నా ఏడు సెకన్లు లేవు. పళ్లెం మళ్లీ తిప్పాం. లోపలి అంచులో పూత లేచిపోయిన చోట సూది ఉత్త రేకు మీద గీరింది.

చివరికి కోసిన అసలు టేపు పెట్టుకుని హెడ్‌ఫోన్లతో విన్నాను. అతుకు దాటాక ఆ చిటపట. దాన్ని ఎప్పుడూ పట్టించుకుని వినలేదు, చప్పుడని అనుకున్నాక వినడం ఆపేశాను. ఇప్పుడు శబ్దం పెంచి విన్నాను. అది గీతల చప్పుడు కాదు. మనుషుల నవ్వు. బ్యాండు వాళ్లందరూ నవ్వుతున్నారు. హైదరాబాద్‌లో పెద్ద రేడియో స్టూడియోలో, నిశ్శబ్దంగా ఉండాలని చెప్పిన గదిలో, గిటారు మీద తమ మిల్లు భోంగా వినపడేసరికి ఆపుకోలేక నవ్వారు. మైకుకు దగ్గరగా ఒక నవ్వు ఉంది, ముక్కులోంచి మొదలై గొంతులో తెగిపోయే నవ్వు. హెడ్‌ఫోన్లు చాచాకు ఇచ్చాను. విని ఆయన కళ్లు తుడుచుకున్నాడు. అప్పుడు నేనూ ఏడ్చాను.

మళ్లీ బోధన్ వెళ్లాను. ఈసారి మిషనూ, ఆ టేపూ, నా వయొలినూ పట్టుకుని వెళ్లాను. ఆమె ముందు కూర్చుని మొత్తం చెప్పాను. ఏం విన్నాను, ఏమనుకున్నాను, ఏం కోశాను. ఆమె కత్తెర ఆపకుండా విన్నది. రేకు ముక్క కొలత పెట్టి ఆకు కత్తిరిస్తుంటే అంచులు చేటలో పడుతున్నాయి.

"ఆ ముక్క మల్ల దొరకదా?" అంది.

"దొరకదు. నాకు గుర్తున్నది. దీని మీద వాయించి వినిపిస్త."

వయొలిన్ తీసి, జారుతూ పైకి వచ్చి, ఆగాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఇంక జర మీదికి పోవాలె."

ఆమె గొంతుతో చూపించింది. పెదాలు మూసుకుని, ముక్కుతో, మెల్లగా. సరిగ్గా ఆ నడిమి చోటికి పోయి ఆపింది. ఏ చదువూ లేకుండా, ఏ తంబూరా లేకుండా. మీటర్ మేడం తప్పును బీడీల చేటలోంచి దిద్దింది. నేను వేలు వెంట్రుకవాసి జరిపాను.

"ఆఁ. గక్కడ. ఆపుండ్రి గట్లనే."

టేపు మొదటి నుంచి పెట్టాను. గిటారు వచ్చింది, ఒక ఆవర్తం, రెండో ఆవర్తం. మూడో దాని చివర బ్యాండు ఆగిన చోట మిషన్ ఆపి, భోంగా నేను వాయించాను. ఏడు సెకన్లు. అది జారిపోయేసరికి మీట నొక్కాను. నవ్వు వచ్చింది. యాభై ఏళ్ల కిందటి మనుషులందరూ ఆ అరుగు మీద ఒక్కసారిగా నవ్వారు.

ఆమె చేతిలో కత్తెర ఆగింది.

"గిది మా బాపు," అంది. "గీ నవ్వు. ముందుగాల్ల ఉన్నది."

మళ్లీ వేయమంది. మళ్లీ వాయించాను, మళ్లీ నవ్వారు. మూడోసారి కూడా వేయమంది. పక్కింటి ఆడవాళ్లు చేటలు పట్టుకుని వచ్చి నిలబడ్డారు. నాలుగోసారి అడగలేదు.

"ఆ దినం నా చెవులకు పెట్టినప్పుడు గీ నవ్వు లేకుండె గద అమ్మా. యాడ వోయింది?"

"ఉండె. నేనే తగ్గించిన. చప్పుడనుకున్న."

తిడుతుందేమో అని చూశాను, తిడితే బాగుండునని కూడా అనిపించింది. ఒళ్లోంచి చేట దించి కింద పెట్టింది. అవ్వ మంచం ఉండిన చోటు వైపు ఒకసారి చూసి, తర్వాత నా వైపు చూసింది. గొంతు పెద్దది చేయలేదు.

"భోంగా అంటె ఏందని ఆనాడు ఒక్క మాట అడిగితె, నేను చెప్పకపోదునా అమ్మా?"